అమ్మకి నొప్పి బిళ్ళలు, నాకు చెడ్డపేరు – నా అనుభవం

నిన్న రాత్రి అమ్మ పదిన్నరకి పడుకుని తెల్లారి ఐదింటి దాకా లేవలా. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో రాస్తుండా, కోపం కూడా ఇంకా దిగలా, కాబట్టి ఎట్టొస్తే అట్ట రాసేస్తా, ఏమనుకోబాకండి.

మాది కావలి దగ్గర పల్లె. అమ్మకి 61. రొమ్ము క్యాన్సర్, తెలిసేసరికే వెన్నుపూసలోకి దిగింది. టెస్టులు, బయాప్సీ అన్నీ నెల్లూరులోనే అయిపోయినయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద (మేమింకా ఆరోగ్యశ్రీ అనే అంటాం) కీమోకి ఆరోగ్యమిత్ర దగ్గర రెండు సంతకాలు, అంతే. అక్కడ నాకే కంప్లైంటూ లేదు.

నీరసం ఇంకో కథ. మంచం మీంచి బాత్రూంకి పది అడుగులు, అంత మాత్రం పోయొచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. ఎంత నిద్రపోయినా తీరే నీరసం కాదది. హిమోగ్లోబిన్ 7.6 ఉందని రక్తం ఎక్కించారు, కొంచెం తేరుకుంది. మిగతాదానికి పొద్దునా సాయంత్రం వాకిట్లో నాలుగడుగులు నడిపించమన్నారు, మంచంలోనే ఉంచితే ఇంకా గుంజుకుపోద్దంట. మా మేనమామ వచ్చి జబ్బు మనిషిని నడిపిస్తావా అని నామీద ఎగిరాడు. ఎగిరి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. నడిపించేది నేనే కదా.

అసలు సమస్య నొప్పి. అమ్మని ఎప్పుడడిగినా "పర్లేదు నాయనా" అంటది. డాక్టర్ అడిగినా పర్లేదే. రాత్రి రెండింటికి చూస్తే దిండు పళ్ళతో కరిచి పట్టుకుని కూర్చునుంటది, పడుకుంటే వెన్ను తట్టుకోలేక. నొప్పని చెప్తే కీమో ఆపేస్తారని ఆమె భయం, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ట్రమడాల్ అనే నొప్పి బిళ్ళ ఇచ్చారు, వాంతులే తప్ప పని చెయ్యలా. చివరికి డాక్టర్ మార్ఫిన్ బిళ్ళలు రాశాడు, గట్టి నొప్పికిచ్చే మందు, మత్తు మందుల లెక్కలో వస్తది. రాశాడు సరే, యాడ దొరుకుతయో చెప్పలా! చీటీ చేతిలో పెట్టి నెక్స్ట్ పేషెంట్ అన్నాడు.

నెల్లూరు పొగతోటలో మందుల షాపులన్నీ తిరిగా. మొదటి నాలుగు చోట్ల లేదు అనేశారు, అంతవరకు మర్యాదే. ఐదో షాపులో సాయంత్రం జనం బాగా ఉండారు. కౌంటర్ కుర్రోడు చీటీ చూసి పైకెత్తి పట్టుకుని వెనకున్న ఓనరుకి "అన్నా, మార్ఫిన్ అంట!" అని అరిచాడు. ఓనరు వచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఎవురికి? నీకా?" అన్నాడు. అమ్మకి అన్నా. అమ్మ ఏది అన్నాడు. ఆధార్ చూపించా, కీమో ఫైల్ చూపించా, ఫైల్ తెరవను కూడా తెరవలా. "కాలేజీ పిల్లోళ్ళు కూడా ఇట్టాంటి చీటీలే తెస్తుండారు" అని అందరికీ వినపడేట్టు అన్నాడు, చీటీకి ఫోన్లో ఫోటో తీసుకున్నాడు, నా మొహానికి కూడా తీయబోతే చెయ్యి అడ్డం పెట్టా. నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, స్కూల్లో లెక్కలు చెప్తా. పక్కన నిలబడ్డ ఆవిడ సంచీ ఇంకో చేతికి మార్చుకుని అవతలకి జరిగింది. ఆ సంచీ మార్చుకోవడం నేను చచ్చేదాకా మర్చిపోను.

అక్కడితో అయిపోలా. ఆ క్యూలో మా వీధి ఆవిడ ఒకామె ఉందంట, నేను చూడలా. నేను బస్సు దిగి ఇంటికొచ్చేలోపే ఫోన్ వచ్చేసింది. గుమ్మంలోకి రాగానే అమ్మ, ఆ నొప్పిలోనే మంచం మీద లేచి కూర్చుని, "ఏంది అబ్బయా, మత్తు బిళ్ళలు తింటుండావా?" అంది. ఏం చెప్పాలో తెలియక నవ్వా, ఆమె ఏడ్చింది. విషయం చెప్పాక ఇంకా ఎక్కువ ఏడ్చింది, నావల్ల నీకు ఈ పేరొచ్చింది, ఆ బిళ్ళ తెచ్చినా నేను మింగను అని పంతం. ఆ వారమంతా ఎవరితో మాట్లాడలా. అమ్మ రోజూ క్యాలెండర్‌లో పాల లెక్క రాస్తది, ముప్పై ఏళ్ళ అలవాటు, అది కూడా మానేసింది. గడులన్నీ ఖాళీ.

చివరికి కీమో వార్డులో ఒక నర్సమ్మ పక్కకి పిలిచి చెప్పింది. ఆ మందు మామూలు షాపుల్లో దొరికేది కాదు, ఎక్కువగా గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఉంచుతారు, 2014లో చట్టం మార్చింది ఆ ఆసుపత్రుల్లో ఇది తేలిగ్గా దొరకాలనే అని. ఈ ఒక్క మాట డాక్టర్ చెప్పుంటే నాకు ఆ షాపు గుమ్మం ఎక్కే పనే ఉండేది కాదు. మీకు రాస్తే ముందు ఆసుపత్రిలోనే అడగండి, నొప్పి తగ్గించే విభాగం, పాలియేటివ్ కేర్ అంటారు, యాడుందో కనుక్కోండి, బజారుకి పోబాకండి.

ఆ విభాగం కోసం మేము చెన్నై పోయాం. అక్కడి డాక్టరమ్మకి తెలుగు వచ్చు. నొప్పికి సున్నా నుంచి పది దాకా నంబర్ చెప్పమంది. అమ్మకి నంబర్లు ఎక్కలా, మళ్ళీ పర్లేదే. అప్పుడు ఆమే, "రూపాయికి ఎంత నొప్పమ్మా?" అంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ముప్పావలా" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఇన్నాళ్ళూ పర్లేదంటే ముప్పావలా!

మార్ఫిన్ ఎట్ట వెయ్యాలో ఆమే చెప్పింది: పది ఎంజీ బిళ్ళలో సగం, నాలుగు గంటలకోసారి, పొద్దున ఆరు, పది, రెండు, ఆరు, రాత్రి పదికి మాత్రం నిండు బిళ్ళ, అప్పుడు అర్ధరాత్రి లేపక్కర్లేదు. విరేచనం బిగుస్తది కాబట్టి దానికి మందు మొదటిరోజు నుంచే, బిగిశాక చూద్దాంలే అనుకోకూడదంట. మనకై మనం ఠక్కున ఆపకూడదు. అలవాటు పడిపోద్దా అంటే, నొప్పికి తగిన లెక్కలో చూసి ఇస్తే అట్టా కావడం అరుదు అంది. ఇది ఆఖరి రోజుల మందు కూడా కాదంట. వెన్నుకి ఒక్క రోజు రేడియేషన్ పెట్టారు, దానితో కూడా తగ్గింది. ఐదు అలారాలు పెట్టా ఫోన్లో, నెల దాటింది, ఒక్క మోతాదు తప్పలా, మా ఇంట్లో ఇంకెవరివల్లా కాదది, గొప్పనుకుంటే అనుకోండి.

అమ్మ దిగులు సంగతి నేను చెప్పకుండానే డాక్టరమ్మ కనిపెట్టింది. ఖాళీ గడుల గురించి చెప్తే, అది నొప్పి ఒక్కటే కాదు అని దిగులుకి ఇంకో బిళ్ళ రాసింది, రెండు మూడు వారాలు పడుతుంది, ఓపిక పట్టమంది. నేను మాత్రం ఇంకో మందు కూడా వేశా, చూడ్డానికొచ్చే చుట్టాల్ని ఆపేశా. మా పెద్దమ్మ వచ్చి కూర్చుంటే చాలు, ఇదే జబ్బుతో ఎవరెవరు పోయారో పేర్లు చెప్తది. గేటు దగ్గరే పంపించేశా, ఇప్పుడు నాతో మాట్లాడదు, మంచిదే. ఒక రాత్రి నాకే తట్టుకోలేక 14416కి ఫోన్ చేశా, టెలీ మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడారు. మగోడివి నీకేంది అనలా.

బిళ్ళలు శుక్రవారానికి అయిపోతయి, గురువారం మళ్ళీ చెన్నై. ఇందాక ఫైల్ సర్దుతూ క్యాలెండర్ చూశా. అమ్మ మళ్ళీ గడుల్లో రాస్తుంది, నొప్పికి "పావలా" అని ఉంది. దాని కింద పాలు లీటరున్నర, పక్కన చిన్నగా "నీళ్ళు కలిపాడు".