పాత ఇంటి ఫ్యూజు బోర్డు మార్చాలంటే ముందు వైర్లని చూడండి

పింగాణీ ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే తమంతట తామే తెగే స్విచ్చులు) బిగిస్తే ఇల్లు భద్రమైపోయిందని చాలామంది అనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. ఒంట్లోంచి 50 మిల్లీ ఆంపియర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది కరెంటు కిందే లెక్క కాదు.

ఎర్తింగ్ ఉంది కదా అంటారు. సొంత ఎర్త్ గుంత ఉన్న ఇంట్లో దాని నిరోధం 20 ఓమ్‌లు అనుకోండి. గీజర్ లోపల ఫేజు వెళ్లి బాడీకి తగిలింది. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడదు, అంటే కరెంటుని తెంచదు. గీజర్ బాడీ మీద దాదాపు పూర్తి వోల్టేజి అలాగే నిలబడి ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ తేడా వస్తే పడే స్విచ్చు ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది ఉంటే మాత్రం 40 మిల్లీ సెకన్ల లోపే సప్లై తెగిపోతుంది. అందుకే బోర్డు మార్చేటప్పుడు ఎంసీబీలతో ఆగకూడదు. అలాగని ఆర్‌సీసీబీ ఒక్కటే చాలదు. అది ఓవర్‌లోడునీ షార్ట్ సర్క్యూట్‌నీ పట్టించుకోదు. రెండూ కావాలి.

ఇప్పుడు వైర్ల సంగతి. పాత వైరుకి ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ పెట్టాలో ఉన్న ఫ్యూజుని చూసి తేల్చకండి. దాంట్లో ఎవరు ఎంత లావు తీగ చుట్టారో తెలియదు. పద్ధతి ప్రకారం 5 ఆంపియర్లకి 0.2 మిల్లీమీటర్ల రాగి తీగ, 15కి 0.5 ఉండాలి. చాలా బోర్డుల్లో కనిపించేది ఫ్లెక్సిబుల్ వైరులోంచి పీకిన నాలుగు పోగులు. వైరు చివర ఇన్సులేషన్ తీసి, ఒక పోగు వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో, ఆ తర్వాత 0.785తో, చివరికి పోగుల సంఖ్యతో గుణిస్తే చదరపు మిల్లీమీటర్లు వస్తాయి. పాతవాళ్లు 3/20 అనే వైరులో 0.914 మిల్లీమీటర్ల పోగులు మూడు ఉంటాయి, అంటే దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు.

పైపులో నాలుగైదు వైర్లు కలిసి పోయే పాత ఇళ్లలో నేను వాడే లెక్క కాస్త పిసినారిదే. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 10 ఆంపియర్ల ఎంసీబీ, 2.5కి 16, 4కి 20. కారణం ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దగ్గర గంటసేపైనా పడకపోవచ్చు. గంటలోపు తప్పక పడాల్సింది 1.45 రెట్ల దగ్గర, అంటే 23 ఆంపియర్ల పైన. ఆ వేడిని ఎండిపోయిన పాత ఇన్సులేషన్ తట్టుకోవాలి. మాటిమాటికి ఎంసీబీ పడుతోందని 16 తీసి 32 పెట్టడం గోడలో నిప్పు పెట్టుకోవడమే. లైట్లకీ ప్లగ్గులకీ బీ రకం తీసుకోండి, రేటింగుకి 3 నుంచి 5 రెట్ల కరెంటు వస్తే వెంటనే పడుతుంది. 5 నుంచి 10 రెట్ల సీ రకం మోటార్లకీ ఏసీలకీ ఉంచండి.

పాత ఇళ్లలో అసలు తలనొప్పి న్యూట్రల్‌తో. కొన్ని బోర్డుల్లో న్యూట్రల్‌కి కూడా ఫ్యూజు ఉంటుంది. అది ముందు పోతే లైటు ఆరిపోతుంది గానీ హోల్డర్‌లో ఫేజు బతికే ఉంటుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు. దాన్ని తీసేసి న్యూట్రల్‌ని నేరుగా లింకుకి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీకి) కలపాలి, లేదా ఫేజునీ న్యూట్రల్‌నీ ఒకేసారి తెంచే ఎంసీబీ వాడాలి.

రెండోది అరువు న్యూట్రల్. మెట్ల లైటుకి ఫేజు కింది సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ పై సర్క్యూట్ నుంచి లాగి ఉంటారు. ఇంటి మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ ఉన్నంతకాలం ఇది బయటపడదు. సర్క్యూట్లని రెండు ఆర్‌సీసీబీల కిందికి విడదీసిన రోజున ఆ లైటు వేయగానే పడిపోతుంది. రెండు సర్క్యూట్ల న్యూట్రల్ వైర్లు లోపల నేరుగా కలిసిపోయినా ఇదే గొడవ. వాటిని పట్టుకోవాలంటే మెయిన్ ఆపి, న్యూట్రల్ వైర్లన్నీ లింకు నుంచి విడివిడిగా తీసి, మల్టీమీటర్‌తో ఒకదానికొకటి కంటిన్యూటీ చూడండి. ఏ రెండింటి మధ్యనైనా బజర్ మోగితే లోపల ఎక్కడో కలిసి ఉన్నాయన్నమాట. దాన్ని వెతికి విడదీయాలి తప్ప ఆర్‌సీసీబీని బైపాస్ చేయకూడదు.

మూడోది న్యూట్రల్ ఎర్త్‌కి తగలడం. ఒక్కో ఎంసీబీ దించుతూ లోపం వెతికేవాళ్లని ఇది బాగా తప్పుదారి పట్టిస్తుంది. మామూలు ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంచుతుంది కాబట్టి, లోపమున్న సర్క్యూట్ ఎంసీబీ దించినా న్యూట్రల్ అక్కడ తగిలే ఉంటుంది. ఇంకో గదిలో ఇస్త్రీపెట్టె పెడితే తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి మళ్లి ఆర్‌సీసీబీ పడుతుంది. పాపం ఇస్త్రీపెట్టెని తప్పు పడతారు.

అందుకే కొత్త బోర్డు బిగించకముందే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) పెట్టాలి. ప్లగ్గులన్నీ పీకి, బల్బులూ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లూ తీసేసి, ప్రతి సర్క్యూట్‌లో ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఎర్త్‌కి 500 వోల్టుల డీసీతో కొలవండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. రాకపోతే ముందుగా బాత్‌రూము, ఆరుబయటి లైట్లు, తడి గోడలోని జంక్షన్ బాక్సులు చూడండి.

ఆర్‌సీసీబీ ఒకటే పెట్టాలా, సర్క్యూట్‌కొక ఆర్‌సీబీవో (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకే దాంట్లో ఉండేది) పెట్టాలా? బోర్డులో చోటుంటే నా ఓటు ఆర్‌సీబీవోలకే. కంప్యూటర్లు, వాషింగ్ మెషీన్ల ఫిల్టర్ల నుంచి కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి కరెంటు కారుతూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. కారేవన్నీ ఒకదాని మీదే పడితే అర్ధరాత్రి ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. AC రకం కాకుండా A రకం కొనండి. ఎలక్ట్రానిక్ పరికరాల్లో లోపం వస్తే పోయే తునకల డీసీని (పల్సేటింగ్ డీసీని) AC రకం సరిగా పట్టలేదు.

బిగింపు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. మెయిన్ స్విచ్ దించినా దాని ఇన్‌పుట్ వైపు కరెంటు ఉంటుంది, ఇన్వర్టర్ ఉంటే ఇంకో దారిలోనూ వస్తుంది. నియాన్ టెస్టర్‌ని నమ్మకుండా రెండు ప్రోబులున్న టెస్టర్‌తో చూడాలి. మల్టీస్ట్రాండ్ వైరుకి పిన్ లగ్గు వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కి స్క్రూ బిగించి, వైరుని ఒకసారి లాగి చూడాలి. ఇన్సులేషన్ మీద బిగిసిన స్క్రూ, వదులు స్క్రూ, రెండూ వేడెక్కి బోర్డుని కాలుస్తాయి.

చివరగా టెస్ట్ బటన్ నొక్కి చూడండి, ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారైనా నొక్కండి. లోపలి రెసిస్టర్ గుండా కృత్రిమంగా కరెంటు కార్చి చూసే బటన్ అది. ఎర్త్ వైరు ఊడిపోయి ఉన్నా చక్కగా పడుతుంది. ఎర్త్ నిరోధాన్ని, ఎన్ని మిల్లీ సెకన్లలో తెగుతోందన్నదాన్ని మీటరుతో విడిగా కొలిపించి, ఆ అంకెలని తేదీతో సహా బోర్డు తలుపు లోపల అంటించండి.