వెళ్ళిందా విమానం?

పొద్దున్న ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. ఆయన్ని లేపకుండా పై డెక్ మీదకి వెళ్ళేసరికి ఓడ అప్పటికే హాంగ్‌కాంగ్ దగ్గరికి వచ్చేసింది. రెండు పక్కలా కొండలు, కొండల ముందు ఇంకా దీపాలు ఆర్పని మేడలు. సింగపూర్‌లో ఓడెక్కినప్పటి నుంచీ నేను ఎదురుచూస్తున్న రోజు ఇదే. మిగతా ఊళ్ళన్నీ ఆయన కోసం, ఈ ఒక్క ఊరు నా కోసం.

ఓడ ఆగింది కై టాక్ క్రూయిజ్ టెర్మినల్ దగ్గర. సముద్రంలోకి మట్టి పోసి కట్టిన పాత విమానాశ్రయం రన్‌వే ఇది, దాని చివర 2013లో ఈ టెర్మినల్ తెరిచారు. 1996లో, పెళ్ళయిన మూడో నెలలో, చేతిలో ఆవకాయ జాడీ పట్టుకుని నేను ఒక్కదాన్నే విమానం దిగింది ఈ రన్‌వే మీదే. ఇప్పుడు అదే చోటికి ఓడలో వచ్చి చేరాను.

అప్పుడు ఆయనకి ఇక్కడ ఒక బ్యాంకులో కంప్యూటర్ పని. కౌలూన్ సిటీలో ఒక పాత బిల్డింగ్‌లో పై అంతస్తులో మా ఇల్లు, ఆ పైన మేడ. విమానాలు కొండ మీద పెద్ద పెద్ద గళ్ళు వేసి ఉన్న చోటు దాకా సూటిగా వచ్చి, అక్కడ కుడివైపుకి ఒరిగి, సరిగ్గా మా వీధుల మీదుగా దిగేవి. ఆరేసిన చీర తీద్దామని మేడ మీదకి వెళ్తే విమానం పొట్ట, చక్రాలు, కిటికీల వరస అన్నీ కనిపించేవి. మొదటి వారం నేను ప్రతిసారీ తల వంచేసేదాన్ని. తర్వాత చప్పుడుకి అలవాటు పడ్డాను గానీ, ఫోన్ దగ్గర మాత్రం ఎప్పటికీ అలవాటు కాలేదు. ఆదివారం సాయంత్రం కాకినాడకి ఫోన్ చేసేదాన్ని, పక్కింటి మాస్టారి ఇంటికి. అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి ఫోన్ అందుకునేది, అటూ ఇటూ కుశలం అడిగేలోపే ఒక విమానం వచ్చేది. అది పూర్తిగా వెళ్ళేదాకా ఇద్దరం నోరు మూసుకుని ఉండేవాళ్ళం. నిమిషానికి ఇంత అని డబ్బు కట్టి, మాట్లాడకుండా. చప్పుడు తగ్గగానే అమ్మే ముందు అడిగేది, "వెళ్ళిందా విమానం?" అని. వెళ్ళిందమ్మా అంటే ఆపిన మాట ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెట్టేది.

టెర్మినల్ నుంచి టాక్సీలో పది నిమిషాలకే కౌలూన్ సిటీ వచ్చేసింది. దారిలో రన్‌వే ఉన్న చోట ఆకాశం కనపడకుండా అపార్ట్‌మెంట్లు, పెద్ద స్టేడియం. విమానాల వల్ల అప్పట్లో ఇక్కడ ఎత్తైన బిల్డింగులు కట్టనిచ్చేవాళ్ళు కాదు, ఆ అడ్డు పోయాక ఇలా లేచాయి. మా రోజుల్లో ఈ చుట్టుపక్కల మెట్రో కూడా లేదు, బస్సే గతి. ఇప్పుడు వీధి చివరే స్టేషన్.

మా బిల్డింగ్ ఉంది. కింద షట్టర్లు దించేసి ఉన్నాయి, పై కిటికీల్లో ఒక్క బట్ట కూడా ఆరేసి లేదు. ఖాళీ చేయించినట్టున్నారు. మెట్ల దగ్గర ఇనప తలుపుకి తాళం. ఆయన అక్కడే నిలబడి చాలాసేపు పైకి చూశారు, ఏమీ అనలేదు. నేను తలుపు పక్కన పోస్ట్ డబ్బాల వరస చూశాను. మా డబ్బా మూత మీద సొట్ట అలాగే ఉంది. తాళంచెవి పోయినప్పుడు ఆయన స్క్రూడ్రైవర్‌తో తెరిచినప్పుడు పడిన సొట్ట అది. కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెడితే అందింది, తుప్పు వేలికి అంటుకుంది.

రెండు వీధుల అవతల థాయ్ కొట్లు మాత్రం ఉన్నాయి. నేను మామిడికాయ పప్పు చేయగలిగింది వాళ్ళ పుణ్యమే. ఒక కాయ కోయించుకుని, వాళ్ళిచ్చిన ఉప్పు, కారం, పంచదార పొట్లంలో ముక్కలు అద్దుకుంటూ వాల్డ్ సిటీ పార్క్‌కి నడిచాం. ఒకప్పుడు అక్కడ 2.6 హెక్టార్లలో 33,000 మంది ఉండేవాళ్ళు, ఇళ్ళ మీద ఇళ్ళు, పగలు కూడా వెలుతురు పడని సందులు. 1993, 94లో అంతా పడగొట్టి 1995 చివర్లో పార్క్ తెరిచారు. నేను వచ్చేసరికి మొక్కలన్నీ మోకాలెత్తే, కొత్త మట్టి వాసన. అంతా మారిపోయిన ఈ చుట్టుపక్కల, అప్పటికి అన్నిటికన్నా కొత్తదైన పార్కే ఇప్పుడు నాకు తెలిసిన పాత చోటుగా మిగిలింది. నేను కూర్చునే రాతి బల్ల మీద ఇప్పుడు నిండా నీడ.

మధ్యాహ్నం స్టార్ ఫెర్రీ ఎక్కాం. అదే ఆకుపచ్చ, తెలుపు పడవ. బల్ల వీపు ఇటు నుంచి అటు తిప్పితే మనం వెళ్ళే వైపు ముఖం పెట్టి కూర్చోవచ్చు, ఆ చెక్క మీద నక్షత్రం ఆకారంలో చిల్లులు. ఈ ఫెర్రీ మొదలుపెట్టింది మన దేశం నుంచి వచ్చిన పార్సీ, దొరాబ్జీ నౌరోజీ అని ఆయన అప్పట్లో ఎంత గర్వంగా చెప్పేవారో. కానీ అవతల దిగే రేవు అది కాదు. గడియారం స్తంభం ఉన్న పాత రేవుని 2006లో మూసి, జనం వద్దని ఎంత మొత్తుకున్నా కూల్చేశారు. సముద్రాన్ని పూడ్చి ముందుకి జరిపిన కొత్త రేవులో దిగాం. ప్రయాణం పొట్టిదైంది, దిగాక నడక పొడుగైంది. నాకు మాత్రం కోపం వచ్చింది, నిజంగానే.

తిరిగొచ్చి సాయంత్రం టెర్మినల్ పైన తోటలో కూర్చున్నాం. 1998 జూలై 5, ఈ విమానాశ్రయం మూసేసిన రాత్రి గుర్తొచ్చింది. బిల్డింగ్ మొత్తం మేడ మీదే ఉంది, ఎవరో సోయా పాలు పంచారు. అర్ధరాత్రి దాటాక చివరి విమానం లండన్ వెళ్ళింది. ఒంటిగంట దాటాక రన్‌వే దీపాలు ఆర్పేశారు. అంత పొడుగు వెలుగు ఒక్కసారిగా నల్లటి నీళ్ళలో కలిసిపోయింది. తర్వాతి ఆదివారం ఫోన్ చేస్తే, అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తనే ఆగింది. "ఇవాళ ఇంకా రాలేదేమే?" అంది. ఇక రాదమ్మా అని చెప్పాను.

అమ్మ పోయి ఆరేళ్ళు.

రాత్రి ఓడ బయల్దేరే ముందు డెక్ మీదనుంచి చెల్లికి ఫోన్ చేశాను. పోస్ట్ డబ్బా సంగతి చెప్తుండగా ఓడ కూత మొదలైంది, పొడుగ్గా, ఒళ్ళంతా అదిరేలా. ఇద్దరం ఆగిపోయాం. అది ఆగాక అట్నుంచి చెల్లి అడిగింది.

"అయిందా అక్కా?"

"అయిందే" అన్నాను. సొట్ట దగ్గర ఆపాను కదా, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టాను.