బంతి వస్తుంటే కాళ్లు కదులుతాయి

నా జబ్బుని మొదట పట్టుకున్నది వెనక బెంచీ పిల్లలు. బోర్డు మీద మామూలుగా మొదలైన లెక్క కుడి అంచుకి చేరేసరికి అంకెలు ఆవగింజలంత అయిపోయేవి. "టీచర్, కనబడట్లేదు" అని ఒకటే గోల. స్టాఫ్‌రూములో అయితే కళ్లజోడు మార్చుకోమన్నారు.

ఆ తర్వాత కుడి భుజం పట్టేసింది. ఒక ఆసుపత్రిలో ఫ్రోజెన్ షోల్డర్ అని తేల్చి నెలల తరబడి కరెంటు పెట్టారు. చేతులు వణకడం లేదు కాబట్టి పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బని ఎవరికీ తట్టలేదు. అందరికీ వణుకు ఉండి తీరాలని లేదట. చివరికి ఒక న్యూరాలజిస్టు నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించి, కుడి చెయ్యి ఊగడం లేదని చూశారు. "కూర మాడితే వాసన తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. తెలియడం మానేసి ఏళ్లయింది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు!

ఈ జబ్బులో, కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని మెదడులో తయారుచేసే కణాలు తగ్గిపోతూ వస్తాయి, పోయినవి తిరిగి రావు. ఆ డోపమిన్ లోటు తీర్చే లెవోడోపా, దానికి తోడుగా కార్బిడోపా కలిసిన మాత్రతోనే రోజు గడుస్తుంది. అదీ టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి, మాంసకృత్తులు దానికి అడ్డుపడతాయి. నా మటుకు నాకు పెసరట్టు తిన్నాక వేసుకుంటే ఆ పూట మాత్ర దండగే. దూలగొండి పొడి వాడమని చుట్టాలు చెబుతూనే ఉంటారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, కానీ చెంచాడు పొడిలో ఎంత ఉందో ఎవరు కొలిచి ఇస్తారు?

మాత్రకి పూర్తిగా లొంగనిది కాళ్లు అతుక్కుపోవడం. బాత్రూం గుమ్మం ముందు నిలబడితే అంతే, ముందుకి కదలవు. మా ఆయన అక్కడ నేల మీద పసుపు టేపు అడ్డగీతలుగా అంటించారు. గీత దాటాలి అనుకుంటే అడుగు పడుతుంది. తనంతట తాను కదలలేని కాలు, కంటికో చెవికో ఏదైనా ఆనవాలు అందితే కదులుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఆట మొదలైంది ఆ అమ్మాయి వల్లే. ఇంగ్లాండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో పెద్దవాళ్ల కోసం నడుస్తూ ఆడే ఫుట్‌బాల్ మొదలుపెట్టారట. పరుగెత్తకూడదు, ఒకరినొకరు తోసుకోకూడదు. ఇప్పుడు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లూ ఆడుతున్నారట. ఫుట్‌బాల్ అనేసరికి ఆడవాళ్లమంతా వెనకడుగు వేశాం. నెట్టు మీదుగా బంతి విసిరి పట్టుకునే త్రోబాల్ అయితే బళ్లో ఆడినదే కదా అన్నాను.

అసలు ఆటలో బంతి పట్టిన మూడు సెకన్లలో విసరాలి. మాకు ఆ తొందర లేదు. నెట్టు భుజాల ఎత్తులో కట్టి, బీచ్‌లో పిల్లలు ఆడుకునే గాలి బంతితో ఆడతాం. తల మీదుగా వెనక్కి పోయే బంతికి పాయింటు లేదు, దాని కోసం ఎవరూ వెనక్కి అడుగు వేయకూడదు. మాలాంటివాళ్లు పడిపోయేది ఎక్కువగా అలాగే. పట్టేముందు "నాదే!" అని గట్టిగా అరవాలి, లేకపోతే పాయింటు పోతుంది. ఈ జబ్బులో గొంతు మనకి తెలియకుండానే సన్నబడిపోతుంది. పాతికేళ్లు క్లాసులో అరిచినదాన్ని, నా అరుపు నెట్టు అవతలికి వినబడలేదంటే మొదట నమ్మలేదు.

షిప్‌యార్డులో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. గేటు నుంచి కోర్టుకి రావడానికి భార్య చెయ్యి పట్టుకోవాలి. అదే మనిషి, బంతి పక్కకి వస్తే రెండడుగులు చకచకా వేసి పట్టేస్తారు. నేను బంతి పట్టుకుని ఆలోచిస్తుంటే ఊరుకోరు. "ఏటలగ నిలబడిపోనారు టీచరుగారూ, ఇసిరీండి!" అంటారు. ఇంట్లో యూట్యూబ్ చూసి ఒక్కదాన్నే చేసిన కసరత్తులు వారం దాటలేదు. ఇక్కడ నేను రాకపోతే జట్టులో ఒకరు తక్కువ, ఫోన్లు మోగిపోతాయి.

అందరి మాత్రలూ పనిచేసే వేళ చూసుకుని పదిన్నరకి మొదలుపెడతాం. అప్పటికి విశాఖ ఉక్కపోత సంగతి చెప్పేదేముంది! లేచి నిలబడితే బీపీ పడిపోయేవాళ్లున్నారు కాబట్టి మధ్యలో కూర్చోవడం, నీళ్లు తాగడం తప్పనిసరి. ఆట వల్ల జబ్బు తగ్గలేదు. ఈమధ్య డాక్టరుగారు మోతాదు పెంచారు కూడా. కానీ మలుపు తిరిగేటప్పుడు తూలడం తగ్గింది, మా ఆయన నన్ను బీచ్‌రోడ్డుకి ఒంటరిగా పంపిస్తున్నారు.

గాజువాక నుంచి వచ్చేవాళ్లకి ఆటో ఖర్చు ఎక్కువవుతోంది. అటువైపు ఎవరైనా పొద్దుటిపూట ఖాళీగా ఉండే కోర్టు ఇస్తే అక్కడా ఒకటి పెట్టాలని చూస్తున్నాం. నెట్టు, రెండు బంతులు, చుట్టూ కుర్చీలు, పడబోతే పట్టుకోవడానికి పక్కన ఒకరిద్దరు ఉంటే చాలు.