చెయ్యి పెట్టొద్దు, చూడండి

మన పదో తరగతి బ్యాచ్ మళ్ళీ కలిసే సందర్భంగా తెచ్చే సంచికకి ఏదైనా రాయమంటే చాలామంది లెక్కల సారు బెత్తం గురించో, మనం గెలిచిన ఖోఖో కప్పు గురించో రాస్తారు. నేను శనివారం ఆఖరి రెండు పీరియడ్ల గురించి రాస్తాను. 1992 జూన్‌లో మనం తొమ్మిదిలోకి వచ్చినప్పటి నుంచి 1994 మార్చిలో పది పరీక్షలు రాసేదాకా డ్రాయింగ్ సారు మన చేత చేయించిన పని నాకు ఈ రోజుకీ కళ్ళ ముందే ఉంది. దాన్ని డ్రాయింగ్ అనాలో, సైన్సు ప్రయోగం అనాలో, ఇంకేదైనా అనాలో అప్పుడు మనకి తెలియదు. ఇప్పుడు దాన్ని జెనరేటివ్ ఆర్ట్ అంటున్నారు: కొలతలు, కట్టుబాట్లు మనం పెడతాం, బొమ్మ దానంతట అదే తయారవుతుంది.

మన సెక్షన్లో రంగుల పెట్టె ఉన్నవాళ్ళు ఎంతమంది? నాకు గుర్తున్నంతవరకు ముగ్గురో నలుగురో. సారు అది చూసి, మరుసటి వారం ఎవరూ రంగులు తేవద్దన్నాడు. పసుపు, వక్కాకు సున్నం, టీ పొడి, ఉప్పు, బెల్లం ముక్క, తుప్పు పట్టిన మేకులు, మందార పూలు, ఎవరింట్లో ఏది ఉంటే అది తెమ్మన్నాడు. తెచ్చాం. బెంచీల మీద పెట్టుకుని కూర్చుంటే ఆయన చెప్పిన మాట ఇది: "ఈ పొద్దు మీరు బొమ్మ వెయ్యరు. బొమ్మ దానంతట అదే వేసుకుంటుంది. మీరు దానికి కావాల్సింది పెట్టి, చేతులు కట్టుకుని చూడండి." మొదలుపెట్టే ముందు ఏం చెయ్యబోతున్నామో పైకి చెప్పాలి, మొదలయ్యాక చెయ్యి పెట్టకూడదు, అయిపోయాక కాగితం వెనక్కి తిప్పి ఏది ఎంత వేశామో, ఎంతసేపు ఆగామో రాయాలి. అది రాయకపోతే ముందువైపు ఎంత అందంగా వచ్చినా ఆయన సంతకం పెట్టేవాడు కాదు.

మొదటి రోజు పసుపు, సున్నం. రెండూ కలిస్తే ఎర్రబడతాయని ఎవరికి తెలియదు, దిష్టి తీసిన నీళ్ళు చూడని ఇల్లు ఉందా? కానీ కాగితమంతా పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టి, మధ్యలో సున్నపు తేట ఒక్క చుక్క వేసి, అది ఆగేదాకా ఆగి, అదే చోట ఇంకో చుక్క వేసి, మళ్ళీ ఆగి, అలా పది చుక్కలు వేస్తే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎరుపు ఒక వలయంలా బయటికి పాకింది, దాని వెనకే ఇంకొకటి, కొన్ని చోట్ల కాగితం పీచు ఉన్నవైపు నాలుకలా సాగింది. తర్వాత నిమ్మరసం చుక్క పడేసరికి మధ్యలో మళ్ళీ పసుపు కన్ను తెరిచింది. నలభై మందీ ఒకే పని చేశాం, ఏ రెండు కాగితాలూ ఒకేలా రాలేదు.

అసలు పాఠం ఆ తర్వాతి శనివారం మొదలైంది. సారు కాగితాలన్నీ తీసుకుని కలిపేసి, ఒకరిది ఒకరికి ఇచ్చి, బొమ్మ వైపు చూడకుండా వెనక రాసింది మాత్రమే చదివి చెయ్యమన్నాడు. నాకు వచ్చిన కాగితం వెనక "కొంచెం సున్నం, కొన్ని నీళ్ళు, చుక్కలు వెయ్యాలి" అని ఉంది. ఎంత కొంచెం? ఎన్ని నీళ్ళు? ఏమీ చెయ్యలేక కూర్చున్నాను. నాది తీసుకున్న అమ్మాయి కూడా అలాగే కూర్చుంది. ఆ వారం నుంచి మన రాత మారిపోయింది: "పెసరగింజంత సున్నం, అర గ్లాసు నీళ్ళు, తేరేదాకా ఆగాలి, పుల్లతో పన్నెండు చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య వంద అంకెలు." నేను ఇప్పుడు ఉద్యోగంలో రోజూ నలుగురికి పనులు రాసి ఇస్తుంటాను, అంత స్పష్టంగా రాయడం నాకు ఆ కాగితాల వెనకే వచ్చింది.

ఎరుపు నిలవలేదు, అది కూడా గుర్తుచెయ్యాలి. రెండు వారాలకే గోడ మీద తగిలించినవన్నీ మట్టిరంగుకి దిగిపోయాయి. సైన్సు సారుని అడిగితే, పసుపు ఎర్రగా ఉండాలంటే క్షారం ఉండాలి, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని సుద్దలా మారిపోతే ఇక ఎర్రగా ఉంచే శక్తి దానికి ఉండదని చెప్పాడు. ఆ పైన పసుపు ఎండకి కూడా వెలిసిపోతుంది. అంటే మనం చూడటం ఆపేశాక కూడా బొమ్మ తన పని తను చేసుకుంటూనే ఉందన్నమాట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా.

ఇక ఇసుక డబ్బా సంగతి. బడి వెనక చింతచెట్టు కొమ్మకి పాలపొడి డబ్బా కట్టి, అడుగున మేకుతో చిల్లి పెట్టి ఊపితే, కింద ఎర్రమన్ను అలికిన నేల మీద గీత పడుతుందని సారు చెప్పాడు. మనం ముందు ముగ్గుపిండి పోశాం, తెల్లగా బాగా కనిపిస్తుందని. రెండు ఊపులకే చిల్లి మూసుకుపోయింది, పిండి మరీ సన్నం, ఒకదానికొకటి పట్టుకుని లోపల గూడు కట్టేస్తుంది. స్వర్ణముఖి ఇసుక తెచ్చి ఎండబెట్టి జల్లెడ పడితే ధార తెగకుండా పడింది. ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళం, ఇసుకతో ఆడని రోజు లేదు, కానీ ఎండిన ఇసుక నీళ్ళలా కారుతుందని అప్పుడే గమనించాను.

ఒక్క తాడుతో వేలాడదీసి కొంచెం పక్కకి తోసి వదిలితే కోడిగుడ్డు ఆకారం, లోపలికి లోపలికి చిన్నదవుతూ పోతుంది. రెండు తాళ్ళు కొమ్మకి ఎడంగా కట్టి, కింద ఒకచోట ముడేసి, ఆ ముడి నుంచి ఒక్క తాడుతో డబ్బా వేలాడదీసినప్పుడు అసలు వింత మొదలవుతుంది. కొమ్మ పొడవునా ఊగేటప్పుడు డబ్బా ముడి దగ్గర నుంచి ఊగుతుంది, దానికి అడ్డంగా ఊగేటప్పుడు కొమ్మ దగ్గర నుంచి ఊగుతుంది. రెండు పొడవులు, రెండు కాలాలు. మొత్తం ఎనిమిది అడుగులు ఉండి, ముడి కింద రెండు అడుగులు ఉంటే, ఒకవైపు ఒక ఊపు అయ్యేలోగా రెండోవైపు రెండు ఊపులు అవుతాయి, ఎందుకంటే ఊగే కాలం పొడవుకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది, నాలుగింతల పొడవుకి రెండింతల కాలం. నేల మీద ఇంగ్లీషు ఎనిమిది అంకె పడింది, కొన్నిసార్లు విల్లులా వంగిన గీత పడింది. వర్గమూలాలు ఎందుకు నేర్చుకోవాలని లెక్కల క్లాసులో అడిగినవాడు (పేరు రాయను, వాడికి తెలుసు) ఆ రోజు ముడి ఎక్కడ వెయ్యాలో తాడు కొలిచి లెక్కకట్టాడు. ముడిని బాగా పైకి జరిపితే రెండు కాలాలు దాదాపు సమానమై, కోడిగుడ్డు నెమ్మదిగా సన్నబడి గీతయ్యి, మళ్ళీ రెండోవైపుకి విచ్చుకునేది. స్కాట్లాండుకి చెందిన హ్యూ బ్లాక్‌బర్న్ అనే గణితవేత్త 1844లో ఇలాంటి లోలకాన్నే వర్ణించాడని, అందుకే దానికి ఆయన పేరు ఉందని నాకు ఇంజనీరింగ్‌కి వచ్చాక తెలిసింది. గాలి వీచినప్పుడు గీత వణికేది, మనలో ఒకరు ఆగలేక డబ్బాని వేలితో తోశారు, అప్పుడు సారు కోప్పడలేదు, నేలంతా చిమ్మించి మళ్ళీ మొదటి నుంచి చేయించాడు.

మా అవ్వకి ఈ సంగతి చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "చుక్కలు పెట్టినాక మెలిక యాడికి తిరగాలో అదే చెప్తుంది కదా" అంది. నిజమే, మెలికల ముగ్గులో చుక్కల వరస ఎంతో తేల్చుకున్నాక, గీత ఏ చుక్కనీ తాకకుండా ప్రతి చుక్కనీ చుట్టి రావాలనే కట్టుబాటుతోనే సగం ముగ్గు తయారవుతుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో తమిళనాట కోలం అనే ముగ్గుల్ని కంప్యూటర్ వ్యాకరణాలతో, అంటే బొమ్మ ఎలా పెరగాలో చెప్పే నియమాలతో, ముడిపెట్టి పరిశోధనా పత్రం రాశారు. అవ్వ బతికి ఉండగా నాకు ఆ విషయం తెలిసుంటే బాగుండేది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు చేసింది కరక్కాయ పని. శ్రీకాళహస్తి చుట్టుపక్కల పుట్టి కలంకారీ చూడనివాళ్ళు ఎవరుంటారు, మన క్లాసులోనే ఒకరింట్లో ఆ పని చేసేవాళ్ళు. బట్టని కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవంలో కలం ముంచి గీస్తే, ఆ ద్రవం మొదట పలచగానే ఉంటుంది, బట్టని తాకాక నల్లబడుతుంది. బెల్లం పులిసి ఆమ్లం పుడితే అందులో ఇనుము కరుగుతుంది, కరక్కాయలో ఉన్న టానిన్ అనే వగరు పదార్థంతో అది కలిస్తే నలుపు, గాలి తగిలేకొద్దీ ఇంకా నలుపు. పాలు ఎందుకంటే, రంగు పక్కకి పాకకుండా గీత గీతలా నిలవడానికి.

మన సారు అడిగిందల్లా ఒకే ప్రశ్న: "పాలు తీసేస్తే?"

కలంకారీ చేసే ఇంట్లో అది తప్పు పని. మన క్లాసుకి అదే పని. పాలు లేకుండా కరక్కాయ నీళ్ళు మాత్రమే పీల్చి ఆరిన బ్లాటింగ్ పేపరు మీద ఇనుప నీళ్ళ చుక్క వేశాం. మొదట బూడిదరంగు, చూస్తుండగానే నలుపు, నలుపు నుంచి వేర్లలాంటి కొమ్మలు, కొమ్మల చివర ఊదారంగు మసక. కాగితం తడిగా ఉంటే మబ్బులా పాకింది, సగం ఆరితే వేర్లు, పూర్తిగా ఆరితే చిన్న గట్టి వలయం. అంటే మన చేతిలో ఉన్నది ఆరే సమయం ఒక్కటే. అప్పటి నుంచి గడియారం ఉన్నవాడే క్లాసులో అందరికన్నా గొప్పవాడు అయిపోయాడు. వానాకాలంలో అదే కొలతకి వేరే బొమ్మ వచ్చేది, ఎండాకాలంలో వేరే, అందుకని వెనకవైపు "మబ్బుగా ఉంది" "ఉక్క" అని కూడా రాయడం మొదలుపెట్టాం.

తనిఖీకి వచ్చిన ఒకాయన ఈ కాగితాలు చూసి, ఇవి మరకలు, పిల్లలకి కుండ, మామిడిపండు వెయ్యడం నేర్పండని చెప్పి వెళ్ళాడు, దాదాపు నెల రోజులు కుండలే వేశాం. సారు ఆయన ముందు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆయన చేయించినది మరకలు కాదని ప్రపంచంలో చెప్పగలిగినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, ఆయనకే వాళ్ళ గురించి తెలిసే దారి లేదు. 1819లో కాఫీ గింజల నుంచి కెఫీన్‌ని వేరుచేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త రుంగే, పీల్చే కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి రసాయనాల చుక్కలు వేసి, వాటంతట అవే పెరిగిన బొమ్మలతో 1855లో ఒక పుస్తకం తెచ్చాడు. సరిగ్గా మనం చేసిన పనే! సాల్ లెవిట్ అనే అమెరికన్ కళాకారుడు 1968 నుంచి గోడ బొమ్మలకి సూచనలు రాసి ఇచ్చేవాడు, వేరేవాళ్ళు వాటిని చదివి గీసేవారు. 2007లో ఆయన పోయాక కూడా, 2008లో మసాచుసెట్స్‌లోని ఒక మ్యూజియంలో అలాంటి గోడ బొమ్మలు 105 వేసి పెట్టారు. ఆ వార్త చదువుతుంటే మన కాగితాలు మార్చుకున్న శనివారమే గుర్తొచ్చింది.

ఇంకొకటి. బల్ల మీద పడ్డ కాఫీ చుక్క ఆరాక మధ్యలో పలచగా, అంచు మాత్రం ముదురుగా ఎందుకు ఉంటుందో చికాగో విశ్వవిద్యాలయంలో డీగన్, ఆయనతో పనిచేసినవాళ్ళు 1997లో వివరించారు. చుక్క అంచు కదలకుండా అతుక్కుని ఉంటుంది, అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి మధ్య నుంచి నీరు బయటికి పారుతూ పొడినంతా మోసుకెళ్ళి అంచున పడేస్తుంది. కాగితం మీద కథ ఇంకొంచెం వేరు, అక్కడ పీల్చుకోవడం కూడా కలుస్తుంది. అయినా మనం పది పూర్తి చేసిన మూడేళ్ళకి పెద్ద సైన్సు పత్రికలో వచ్చిన ప్రశ్న, మన ఆఖరి బెంచీలో ఒకడు సారుని అడిగిన ప్రశ్నే.

ఈ జెనరేటివ్ ఆర్ట్‌ని ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్‌లో కోడ్ రాసి చేస్తున్నారు. నేనూ చేస్తాను, బాగుంటుంది. కానీ నా మటుకు నాకు బ్లాటింగ్ పేపరే ఎక్కువ ఇష్టం, కోడ్‌లో అనుకోనిది రావాలంటే అనుకోనిదాన్ని కూడా మనమే రాసిపెట్టాలి, కాగితానికి ఆ రోజు ఉక్కపోత చాలు. ఆదివారాలు మా అమ్మాయితో కూర్చుని టీ డికాక్షన్‌లో కాగితం ముంచి, తడి ఆరకముందే మీద తుప్పు మేకులు పేర్చి రాత్రంతా వదిలేస్తాం. కరక్కాయ దొరకనివాళ్ళు ఇది చేసి చూడండి, టీలో కూడా టానిన్ ఉంటుంది, పొద్దున్నకి మేకు చుట్టూ నల్లటి నీడ తేలుతుంది. చెయ్యి పెట్టకుండా ఆగడం మా అమ్మాయికి ఇంకా టెన్షనే, గంటకోసారి లేచి చూసొస్తుంది.

నా దగ్గర ఆ రోజుల కాగితం ఒక్కటే మిగిలింది. పసుపువీ మందారానివీ ఎప్పుడో వెలిసిపోయాయి, ఇది కరక్కాయది కాబట్టి నిలిచింది. కానీ ఇనుము కాగితాన్ని తింటుంది, పాత దస్తావేజుల సిరాతో కూడా ఇదే సమస్య. నల్లటి కొమ్మల వెంట కాగితం గోధుమరంగుకి తిరిగి పెళుసుబారి, రెండు చోట్ల చీలింది. అంటే బొమ్మ ఇంకా ఆగలేదు. వెనక నా చేతిరాతలో "1993 ఆగస్టు, మబ్బు, రెండు చెంచాల కరక్కాయ పొడి, ఒక గ్లాసు నీళ్ళు, ఇనుప నీళ్ళు ఏడు చుక్కలు" అని ఉంది, కింద సారు సంతకం ఉంది. ఎంతసేపు ఆరబెట్టి చుక్క వేశామో రాసిన మూల చిరిగిపోయింది. ఆ వారం మనందరం ఒకే కొలత చేశాం. మీలో ఎవరి పెట్టెలోనైనా, పుస్తకం మధ్యలోనైనా ఆ నెల కాగితం మిగిలి ఉంటే కలిసినప్పుడు తీసుకురండి. ఫోటో పంపేటట్టయితే వెనకవైపు ముందు తీయండి.