బుద్ధుడికీ వీపు నొప్పి వచ్చింది

వెన్నుపూసకు టీబీ వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. టీబీ అంటే దగ్గు, పాత సినిమాల్లో తెల్ల రుమాలు మీద రక్తం మరక. నాకు దగ్గే లేదు. నడుముకు కాస్త పైన, వీపు మధ్యలో ఒకేచోట నొప్పి ఉండేది. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు, అందులోనూ మార్చి నెలలో, వీపు నొప్పి లేకపోతేనే వింత. మల్కాజిగిరి నుంచి మెట్టుగూడ దాకా ఆటో, అక్కణ్ణుంచి అమీర్‌పేటకు మెట్రో, ఆ తర్వాత సాయంత్రం దాకా కుర్చీ. కాలనీ దగ్గరి ఒక క్లినిక్‌లో కండరం పట్టేసిందన్నారు. నొప్పి మాత్రలు రాశారు, ఆపైన ఫిజియోథెరపీ అన్నారు. మాత్ర పనిచేసినంతసేపు తగ్గేది. అలా 2024 ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాయి.

నేను విపస్సన అనే బౌద్ధ ధ్యానం సాధన చేస్తాను. పెళ్లికి ముందు మా అన్నయ్య వెంటబడి మరీ ధమ్మ ఖేత్తకు పంపాడు. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉంటుంది ఆ కేంద్రం. పది రోజులు మాట్లాడకూడదు, ఫోను ఉండదు, పొద్దున నాలుగింటికి గంట కొడతారు. మొదట శ్వాసను గమనించడం, తర్వాత తల నుంచి పాదాల దాకా ఒంట్లో ఎక్కడ ఏ సంవేదన ఉందో చూడటం. వేడి, తిమ్మిరి, బరువు, సలుపు, ఏది ఉంటే అది. రోజుకు మూడుసార్లు గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోవాలి. దాన్ని అధిష్ఠానం అంటారు. మోకాళ్లు విరిగిపోతున్నాయనిపిస్తుంది. గంట అయ్యాక లేచి నాలుగడుగులు వేస్తే ఆ నొప్పి ఎటు పోయిందో తెలియదు.

ఈ నొప్పి అలాంటిది కాదు. లేచినా పోదు, పడుకుంటే పెరుగుతుంది. ఒక ఆదివారం సామూహిక సాధన అయ్యాక ఒక పెద్దావిడతో చెబితే, "పాత సంస్కారాలు పైకొస్తున్నాయమ్మా. సమతతో చూస్తూ ఉండు, అవే పోతాయి" అన్నారు. సంస్కారాలంటే మనసులో పేరుకున్న పాత ముద్రలు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఈ మాట మన సాధకుల నోళ్లలో మరీ చవకైపోయింది. జ్వరమొచ్చినా సంస్కారమే, ఇల్లు కారినా సంస్కారమే.

ఈ పద్ధతిని 1969లో బర్మా నుంచి మన దేశానికి తెచ్చిన గోయెంకా గారే మొదట తలనొప్పి పోవాలని గురువు దగ్గరికి వెళ్లారు. మార్ఫిన్ ఇంజెక్షన్ల దాకా పోయిన మైగ్రేన్ ఆయనది. గురువు ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన మనిషి. (మా శాఖ మనిషి కాబట్టి నాకు ఆయనంటే ఒక పిసరు అభిమానం ఎక్కువ.) ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు: తలనొప్పి కోసమైతే రావద్దు, ధమ్మం విలువ తగ్గించినట్టవుతుంది, మనసు శుభ్రపడాలని ఉంటే రా. ఇది వైద్యానికి బదులు కాదని శిబిరం నియమావళిలో కూడా రాసే ఉంటుంది. ఎంతమంది చదివి సంతకం పెడతారో మరి.

నాకు సాధన పనికొచ్చింది డాక్టరు గదిలో. ఆర్థోపెడిక్ డాక్టర్ "ఎలా ఉంటుందమ్మా నొప్పి?" అని అడిగారు. "ఒకటే చోట సార్, వేలితో చూపిస్తాను. పక్కలకు పాకదు. పడుకున్న రెండు మూడు గంటలకు లోపలి నుంచి సలుపు మొదలవుతుంది. సాయంత్రం లైట్లు వేసే వేళకు ఒళ్లు వెచ్చబడుతుంది. తెల్లవారుజామున మెడ కింద చెమట పడుతుంది" అని చెప్పాను. ఆయన రాసుకుంటూ ఆగి, "బరువు తగ్గారా?" అన్నారు. జాకెట్లన్నీ వదులయ్యాయి, కుట్లు వేయించుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదన్నాను. ఈఎస్సార్ అనే రక్తపరీక్ష, ఆ వెంటనే ఎమ్మారై రాశారు.

స్కానింగ్‌కు వెళ్లే రోజు క్యాబ్ ట్యాంక్‌బండ్ మీదుగా పోయింది. గుంత వచ్చినప్పుడల్లా నేను సీటు పట్టుకుంటున్నాను. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి చూపించి మా ఆయన, "ఆయన కూడా నీళ్లల్ల పడి రెండేండ్లు లేవలేదు, నీకేం తొందర?" అన్నాడు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తుండగా నీళ్లలో పడిపోయింది. అప్పుడు మనుషులు కూడా చనిపోయారు. తిరిగి పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. నవ్వితే వీపులో పోటు వస్తుందని నవ్వు ఆపుకున్నాను.

డీ12, ఎల్1 వెన్నుపూసల మధ్య డిస్కు దెబ్బతింది, పక్క కండరంలో చీము చేరింది. సూదితో ముక్క తీసి జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు పంపారు. టీబీ అని తేలింది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగే రకమేనని కూడా. కాళ్లలో బలం తగ్గలేదు కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. మందులు మాత్రం ఏడాదికి తక్కువ కాకుండా వాడాలి. మెడ కింద నుంచి నడుము దాకా పట్టి ఉంచే టేలర్ బ్రేస్ వేశారు. కొన్ని వారాలు మంచం మీదే. కూర్చోవద్దు.

కూర్చోవద్దనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా నా సాధన అంటే పొద్దున్నే గోడ పక్కన పరుచుకునే ఆ చిన్న బొంత. ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో నడుస్తున్నా, నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా తెలుసుకుంటూ ఉండమని నాలుగు భంగిమలూ చెప్పారని తెలుసు. కానీ పడుకొని ధ్యానం చేస్తే నిద్రపోతామని నవ్వుకునేవాళ్లం. అసలు నిద్రే పట్టని మనిషికి ఆ భయం లేదు కదా.

మా ఇంట్లో నేనొక్కదాన్నే ఈ దారిలో ఉన్నాను. అత్తమ్మకు ఎల్లమ్మ తల్లి, బోనాలు, మంగళవారం ఒక్కపొద్దు. మంచం పక్కన కూర్చొని ఒకరోజు అడిగింది: "రోజు గంట గంట కండ్లు మూసుకొని కూసుంటివి గదనే. మరి గీ రోగమెందుకొచ్చె?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను కపిలవస్తు కథ చెప్పాను. శాక్యులు కొత్త సభామందిరం కట్టుకొని బుద్ధుణ్ణి పిలిచారు. రాత్రి చాలాసేపు ఆయన ధర్మం చెప్పాడు. ఆపైన శిష్యుడు ఆనందుణ్ణి పిలిచి, నా వీపు నొప్పిగా ఉంది, నేను నడుం వాలుస్తాను, మిగతాది నువ్వు చెప్పు అన్నాడు. పైన కప్పుకునే చీవరాన్ని నాలుగు మడతలు వేసి కుడివైపు తిరిగి పడుకున్నాడు. చివరి వర్షాకాలంలో బేలువ గ్రామంలో ప్రాణం మీదికి వచ్చింది. కుసినారకు పోయే దారిలో రక్త విరేచనాలు.

"గంత పెద్దాయనకే తప్పలే" అని అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "మరి మందులేస్కున్నడా?"

"జీవకుడని వైద్యుడు ఉండేవాడు అత్తమ్మా. ఆయన ఇచ్చిన మందులు తీసుకున్నాడు."

"అయితే లెవ్వు. గోలీల టైమయింది."

ఆ గోలీల గురించి కొంచెం చెప్పాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, పొద్దున్నే పరగడుపున, బరువును బట్టి ఇన్ని అని. మొదటిరోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకొని అరిచాను. రిఫాంపిసిన్‌తో అలాగే వస్తుంది, భయం లేదు. వికారం, కీళ్ల నొప్పులు, నోట్లో ఎప్పుడూ ఇనుము రుచి. ఐసోనియాజిడ్‌తో కాళ్లు తిమ్మిర్లెక్కకుండా బీ6 మాత్ర. ఎథాంబుటాల్ కంటి నరం మీద పనిచేయొచ్చు కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ సరిగ్గా కనిపిస్తున్నాయా అని చూసుకోవాలి. మా పాప రోజూ క్రేయాన్లు పట్టుకొచ్చి పరీక్ష పెట్టేది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండి కోసం నిక్షయ్ పోషణ పథకం కింద నెలకు 500 రూపాయల చొప్పున బ్యాంకులో వేసేవారు. 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆ డబ్బు అత్తమ్మ లెక్కలో గుడ్లకే పోయింది. మొదటి శిబిరం తర్వాత నేను గుడ్డు మానేశాను. డాక్టర్ ప్రొటీన్ కావాలన్నారు, తిన్నాను. మాంసం, చేపలు భిక్షువులందరికీ నిషేధించమని దేవదత్తుడనే భిక్షువు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు ఒప్పుకోలేదు. నా గుడ్డుకు ఆయన అడ్డుపడతాడని నేననుకోను.

ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, నా నుంచి ఎవరికీ అంటదని డాక్టర్ చెప్పారు. అయినా పక్కింటివాళ్లు పాపను వాళ్ల పిల్లలతో ఆడుకోనివ్వడం మానేశారు. అత్తమ్మ గేటు దగ్గర నిలబడి వాళ్లకు వినబడేలా ఏమందో ఇక్కడ రాయలేను. పంచశీలలో నాలుగోది, నోటిని అదుపులో పెట్టుకోమనేది, గుర్తొచ్చింది, అయినా వినడానికి హాయిగానే ఉంది.

మంచం మీద ఉన్నప్పుడే, భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకం మహావగ్గలో ఒక కథ మళ్లీ చదివాను. విరేచనాలు పట్టుకున్న ఒక భిక్షువు తన మలంలోనే పడి ఉంటాడు. మిగతావాళ్లు ఎందుకు చూడటం లేదని బుద్ధుడు అడిగితే, నేను వాళ్లకు ఏ పనీ చేసిపెట్టలేదు భంతే, అందుకే చూడరు అంటాడు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తల వైపు, ఆనందుడు కాళ్ల వైపు పట్టుకొని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు.

ఇంతవరకూ ఉపన్యాసాల్లో చెబుతూనే ఉంటారు. దాని తర్వాత వచ్చేది ఎక్కువమంది చెప్పరు. ఏ రోగిని చూసుకోవడం తేలిక, ఏ రోగిని చూసుకోవడం కష్టం అని బుద్ధుడు వివరిస్తాడు. మంచి రోగి తనకు పడేదే తింటాడు, పడేదైనా మితం తెలుసుకుంటాడు, మందు వేసుకుంటాడు, నొప్పిని ఓర్చుకుంటాడు. ఇంకొకటి కూడా ఉంది. పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని, అలాగే ఉంటే అలాగే ఉందని చూసుకునేవాళ్లకు ఉన్నదున్నట్టు చెబుతాడు. మన ఆడవాళ్లకు ఇది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. "ఎట్లుంది?" అంటే "బానే ఉంది" అనడం పుట్టుకతో వచ్చిన జబ్బు. నా మంచం సాధన అంతా ఇదే అయింది. పొద్దున కళ్లు తెరవగానే ఒంట్లో ఎక్కడెక్కడ ఏముందో చూసుకోవడం, అత్తమ్మ రాగానే అది ఎక్కువ చేయకుండా, తక్కువ చేయకుండా చెప్పడం. ఆమె మా పాప పాత నోటుబుక్కులో తనకొచ్చిన అక్షరాల్లో రాసిపెట్టేది. "నిన్నటి కంటె నయ్యం." "రాత్రి సలిపింది." డాక్టర్ దగ్గరికి ఆ బుక్కే పట్టుకెళ్లేవాళ్లం.

రోగిని చూసుకునేవాళ్ల గురించి కూడా అక్కడే ఉంది. మందు సిద్ధం చేయగలగాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, లాభం కోసం కాకుండా ప్రేమతో చేయాలి, మలమూత్రాలనూ వాంతినీ అసహ్యించుకోకూడదు, అప్పుడప్పుడు ధర్మం చెప్పి రోగిని ఉత్సాహపరచాలి. బెడ్‌పాన్ ఎత్తిన మనిషి గురించి నేనేం చెప్పను! ఆ చివరిదొక్కటి మాత్రం టీవీ సీరియళ్లతో సరిపెట్టేది.

రాత్రులు వేరు. నేను ఉపేక్షతో, అంటే చలించని సమతతో, ఉన్నానని రాస్తే అబద్ధం. కాళ్లు పడిపోతే పాపకు జడ ఎవరు వేస్తారు అన్న ఆలోచన ఒకసారి మొదలైతే శ్వాస లేదు, సంవేదన లేదు. బొటనవేళ్లు కదిలిస్తూ పడుకునేదాన్ని, పనిచేస్తున్నాయా అని. అలాంటి ఒక వారంలో మహేంద్ర హిల్స్ విహారంలో పరిచయమైన భిక్షువు, మా భంతేజీ, ఫోన్ చేసి, జబ్బుపడ్డ శిష్యుడు మహాకస్సపుడికి బుద్ధుడు వినిపించిన బొజ్ఝంగ సుత్తం పాళిలో చదివారు. బుద్ధుడు జబ్బుపడితే మహాచుందుడనే భిక్షువుతో అవే ఏడు బొజ్ఝంగాలు, అంటే జ్ఞానోదయానికి తోడ్పడే గుణాలు, చెప్పించుకున్నాడట. స్పీకర్ పెట్టమంది అత్తమ్మ. అంతా విని "మంచిగ చదివిండు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సుత్తంతో నా జ్వరం తగ్గలేదు. జ్వరం మందులతో మూడో వారానికి తగ్గింది. కానీ ఆ రాత్రి వేళ్లు కదిలించుకోకుండా పడుకున్నాను.

తర్వాతది నెమ్మదిగా, విసుగ్గా సాగింది. బ్రేస్‌తో వరండాలో నడక, తర్వాత వీధి చివరిదాకా. ఆఫీసుకు వెళ్లాక గంటకోసారి లేస్తుంటే మేనేజర్ ముఖం చిట్లించేవాడు. చీము కరిగిందని, ఎముక అతుక్కుంటోందని తర్వాతి ఎమ్మారైలో వచ్చింది. 2025 చివర్లో మందులు ఆపేశారు. వీపు కొంచెం వంగింది, అది అలాగే ఉంటుంది. చలికాలంలో బిగుసుకుంటుంది. చాపమీద గంట కూర్చోలేను, కుర్చీలో కూర్చుంటాను.

ఈమధ్యే ధమ్మ ఖేత్తకు మళ్లీ అప్లికేషన్ పంపాను. ఆరోగ్యం గురించి అడిగేచోట వెన్నుపూస, మందుల పేర్లు, ఎప్పుడు ఆపారు, ఎంతసేపు కూర్చోగలను, అన్నీ రాశాను. కుర్చీ ఏర్పాటు చేస్తామని, డాక్టర్ కాగితం ఒకటి తెమ్మని చెప్పారు. పది రోజులు పాపను చూసుకుంటావా అని అత్తమ్మను అడిగితే, "నేను జూస్కుంట గని, పది దినాలు నువ్వు మాట్లాడకుంట ఉంటవా? ఎట్లుందో ఎవరికి చెప్తవ్?" అంది.

రోజూ టీచర్ గారు పిలిచి అడుగుతారని చెప్పాను. ఆవిడ ఫోన్ నంబర్ కావాలట.