వాన అంటే ఒకటి, రెయిన్ అంటే ఇంకొకటి

నేను చేసే ప్రయోగం చెప్పడానికి చాలా తేలిక. ఒక మాట ఇస్తాం. అది వినగానే మీ జీవితంలో జరిగిన ఏ సంఘటన గుర్తొస్తే అది చెప్పాలి. కొన్ని మాటలు ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో. అంతే. ఈ "అంతే" దగ్గరికి రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మాది పల్నాడులో మిరప పండించే ఊరు. ఇప్పుడు ఉంటున్నది ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ఊళ్ళో ఇప్పటికీ "పిచ్చికి మందిచ్చే చదువా అమ్మా?" అని అడుగుతారు. రోగుల్ని చూసే క్లినికల్ సైకాలజీ వేరే దారి. దానికి ఇంటర్న్‌షిప్, లైసెన్సు ఉంటాయి. నాది జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో, భాషతో దానికేం సంబంధమో చూసే కాగ్నిటివ్ సైకాలజీ.

మొదటి రెండేళ్ళు స్టాటిస్టిక్స్ కోర్సులు, టీఏ పని (ప్రొఫెసర్లకు పాఠాల్లో సాయం చేయడం), మాస్టర్స్ థీసిస్‌తో గడిచిపోయాయి. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదు కాబట్టి, వచ్చే స్టైపెండ్‌లోనే అద్దె, తిండి, ఇంటికి పంపేది, అన్నీ సర్దుకోవాలి.

థీసిస్ కోసం నేను పరీక్షించింది అంతా ఇక్కడి డిగ్రీ పిల్లల్నే. ఇంట్రడక్టరీ సైకాలజీ కోర్సులో ఉన్నవాళ్ళు క్రెడిట్ కోసం ప్రయోగాలకు వస్తారు. వేడి నూడిల్స్ కప్పు పట్టుకుని వచ్చి, అరగంటలో వెళ్ళిపోతారు. ఆ రోజుల్లోనే ఆర్నెట్ అనే సైకాలజిస్టు 2008లో రాసిన వ్యాసం చదివాను. పేరున్న ఆరు సైకాలజీ జర్నళ్ళను ఆయన ఐదేళ్ళ పాటు లెక్కగట్టి చూస్తే, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 68 శాతం అమెరికన్లే. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం. "మనిషి మనసు" అని నేను పరీక్షల్లో రాసిందంతా ఎవరి మనసు గురించో ఆ రాత్రి తెలిసొచ్చింది. మా అమ్మ ఆ లెక్కలో ఎక్కడా లేదు.

మూడో ఏడు క్వాలిఫయింగ్ పరీక్ష, అంటే చేయబోయే పరిశోధనను ప్రొఫెసర్ల కమిటీ ముందు పెట్టి ఒప్పించడం. నా ప్రతిపాదనకు ఆధారం మరియన్, నైసర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన పని. రష్యన్ మాట్లాడుతూ పెరిగి అమెరికా వచ్చిన 20 మందిని రెండు భాషల్లోనూ అడిగి చూశారు. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన కాలపు సంగతులు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు కాలపు సంగతులు ఎక్కువగా గుర్తొచ్చాయి. కమిటీలో ఒక ప్రొఫెసర్ అడిగారు: "ఇది తెలిసిందే కదా, తెలుగులో చేస్తే కొత్తగా ఏమొస్తుంది?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర పుస్తకంలో లేదు, నా బాల్యంలో ఉంది. ఆ రష్యన్ వాళ్ళకు రెండు భాషల మధ్య సముద్రం ఉంది: అటు ఒక భాష, ఇటు ఒక భాష. ఇంగ్లీషు మీడియంలో చదివిన తెలుగు పిల్లకు అలా కాదు. పొద్దున బడిలో ఇంగ్లీషు, సాయంత్రం అరుగు మీద తెలుగు, అదే రోజు, అదే పిల్ల. ఆ రోజును బుర్ర ఏ భాషలో దాచుకుంటుంది? ఇదే చెప్పాను. గొంతు వణికింది. కానీ నా చదువులో నేను సొంతంగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

తర్వాతది ఐఆర్‌బీ అనుమతి, అంటే మనుషుల మీద పరిశోధనకు నైతిక కమిటీ ఒప్పుకోవడం. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదలకు వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్న ఘోరం బయటపడ్డాక, 1974లో చట్టం తెచ్చారు. అందుకే ఈ కాగితాలు. చాలామంది విసుక్కుంటారు, నాకు మాత్రం వీటి మీద గౌరవం.

సమ్మతి పత్రాన్ని తెలుగులోకి తెచ్చి, అసలు ఇంగ్లీషు ప్రతి చూడనివాళ్ళ చేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించాలి. "పెనాల్టీ లేకుండా మధ్యలో మానేయవచ్చు" అన్నచోట నేను "శిక్ష లేకుండా" అని రాశాను. తిరిగొచ్చిన ఇంగ్లీషులో "పనిష్‌మెంట్" అని ఉంది. అది చదివితే పోలీస్ స్టేషన్‌కు పిలిచినట్టుంది! చివరికి "మధ్యలో మానేసినా మీకు ఏ నష్టమూ ఉండదు" అని మార్చాను. ఆ ఒక్క వాక్యానికి రెండు వారాలు పట్టింది.

ఇప్పుడు శనివారాలు రైలెక్కి షికాగో, అక్కడి యూనియన్ స్టేషన్‌లో మెట్రా అనే లోకల్ రైలుకు మారి నేపర్‌విల్, అరోరా వెళ్తున్నాను. తెలుగు కుటుంబాలు ఎక్కువున్న ఊళ్ళు, అరోరాలో వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. కాగితం చేతిలో పెడితే, "చదివేదేముంది, మన పిల్లవేగా, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు" అంటారు. ఆ ప్రేమకు కళ్ళు చెమరుస్తాయి. కానీ నన్ను చూసి పెట్టే సంతకం సమ్మతి కాదు. అందుకని పక్కన కూర్చుని ప్రతి వాక్యం పైకి చదువుతాను. ఆలోగా కాఫీ చల్లారిపోతుంది.

వాళ్ళు చెప్పినవి ఇక్కడ రాయను, రాయనని మాట ఇచ్చాను. నా సంగతి రాయవచ్చు. అసలు ప్రయోగానికి ముందు మా ల్యాబ్‌లో నన్నే కూర్చోబెట్టి సరిచూశారు. "రెయిన్" అనగానే షాంపేన్ బస్టాప్, తిరగబడిన గొడుగు, తడిసిన ల్యాప్‌టాప్ బ్యాగు. అరగంట తర్వాత "వాన" అని నా గొంతుతోనే రికార్డు చేసిన మాట వినిపించింది. కల్లం కనపడింది. ఆరబోసిన మిరపకాయలు, నల్లగా కమ్ముకొచ్చిన మబ్బు, పట్టా ఒక కొస నాన్న చేతిలో, ఇంకో కొస నా చేతిలో, ఘాటుకు ఆగని తుమ్ములు. అవతల ఉన్న స్నేహితురాలికి తెలుగు రాదు. నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక నీళ్ళ సీసా అందించింది.

ఆ ఆదివారం ఫోన్‌లో నాన్నకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆ రోజు నువ్వు లేవు తల్లీ" అన్నాడు. "హాస్టల్లో ఉన్నావు. రాత్రి ఫోన్ చేసి నేనే చెప్పాను. పట్టా రెండో కొస మీ అమ్మ పట్టుకుంది."

జ్ఞాపకం చూసింది చూసినట్టు ఉండదని, తలచుకున్నప్పుడల్లా మళ్ళీ కట్టుకుంటామని నేనే పిల్లలకు పాఠం చెబుతాను. అయినా ఆ ఘాటు నా ముక్కులో అలాగే ఉంది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు నాన్నా" అన్నాను.

చెప్పాడు. పట్టా చాలక, ఇంట్లో దుప్పట్లు కూడా తెచ్చి కప్పారట.