రాగి ప్రమోటర్ పని: ఎల్‌బీ వదిలి ఎం9కి

రాగి తగిలితే వెలిగే ఈ-కోలై పని ఈ నెల బాగా ముందుకు కదిలింది, బాక్టీరియాని పెంచే ద్రావణాన్ని (మీడియా) ఎల్‌బీ నుంచి ఎం9కి మార్చడంతో. బెంగళూరులో మిత్రుడి కాలేజీ ల్యాబ్‌లో, వారాంతాల్లో, వాళ్ల బయోసేఫ్టీ కమిటీ అనుమతితో చేస్తున్నాం. జన్యువులు మార్చిన బాక్టీరియాని ఇంట్లో మాత్రం పెంచకండి.

ప్రమోటర్ (జన్యువుని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క) ఈ-కోలై సొంతదే, కాప్-ఏ జన్యువుది. జన్యువుని చదివే ఎంజైమ్, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, పట్టుకునే −35, −10 భాగాల మధ్య మామూలుగా 17 బేస్‌లుంటే బాగా కుదురుతుంది. ఇందులో 19. అందుకే దానికి పట్టు చిక్కదు. క్యూ-ఆర్ (CueR) అనే ప్రోటీన్ రాగి అయాన్‌ని అందుకోగానే అక్కడి డీఎన్‌ఏని వంచి, మెలితిప్పి దారికి తెస్తుంది. ఎంత అందమైన ఏర్పాటో! వెండి, బంగారం అయాన్లకూ ఇది స్పందిస్తుందని గుర్తుంచుకోవాలి.

2003లో టామ్ నైట్ ప్రతిపాదించిన బయోబ్రిక్ పద్ధతిలో డీఎన్‌ఏ ముక్కకి ముందు ఎకో-ఆర్-వన్, ఎక్స్‌బా-వన్, వెనక స్పీ-వన్, పీఎస్‌టీ-వన్ ఎంజైములు కోసే చోట్లు ఉంటాయి. ముక్క లోపల ఇవి ఉండకూడదు. అతకడం దీంతో తేలికైంది. కానీ అతుకు ప్రామాణికమైతే ప్రవర్తన కూడా ప్రామాణికమైపోదు. మీడియా, ప్లాస్మిడ్ (ముక్కని మోసే డీఎన్‌ఏ ఉంగరం), ప్లేట్ రీడర్ (వెలుగు కొలిచే యంత్రం), ఏది మారినా అంకె మారుతుంది. అందుకే పోలికకి వాడే జే23101 ప్రమోటర్‌కి అదే జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) తగిలించి, అదే ప్లాస్మిడ్‌లో, అదే ప్లేట్‌లో పక్కనే పెంచి, దాంతో భాగించి రాసుకుంటున్నాను. ఒట్టి జీఎఫ్‌పీ అంకెలు వారం వారం ఊగినా ఈ నిష్పత్తి నిలకడగా ఉంటోంది.

పెద్ద తేడా తెచ్చింది మీడియా. ఎల్‌బీలోని పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు రాగిని పట్టేసుకుంటాయి, కణానికి దక్కేది కొంచెమే. అవి లేని సాదా ఎం9లో తక్కువ మోతాదుకే స్పందన కనిపిస్తోంది. స్టాక్‌కి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 2.5 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 100 మిల్లీమోలార్. దాన్నుంచి 0, 5, 10, 20, 40 మైక్రోమోలార్ వరస. తాగునీటికి బీఐఎస్ గరిష్ఠ పరిమితి లీటరుకి 1.5 మి.గ్రా., అంటే సుమారు 24 మైక్రోమోలార్, కాబట్టి వరస సరిగ్గా అవసరమైన చోటే ఉంది. రాగి ఎక్కువై పెరుగుదల తగ్గిన ప్లేట్ గుంటల్ని లెక్కలోంచి తీసేయండి. ఓడీ (కణాలెన్నో చెప్పే మబ్బుతనం కొలత) పడిపోతే, జీఎఫ్‌పీని దాంతో భాగించిన అంకె ఉత్తినే ఉబ్బుతుంది.

రాగి లేకపోయినా కాస్త వెలుగు కారుతోంది. దానికి ముక్కని తక్కువ కాపీల పీఎస్‌సీ101 ప్లాస్మిడ్‌లోకి మారుస్తున్నాం. ఆ తర్వాత పరీక్షించేది రాత్రంతా రాగి చెంబులో నిలవున్న కావేరి నీళ్లు, పక్కన స్టీలు చెంబులో అవే నీళ్లు. రెండూ 0.22 మైక్రాన్ ఫిల్టర్ పట్టి, రెట్టింపు గాఢత ఎం9తో సగం సగం కలుపుతాం. వచ్చిన రాగి లెక్కని రెండింతలు చేసుకోవాలి.